మేనేజర్ గారి వయసు

మూడోసారి కూడా బొద్దింక తప్పించుకుపోయింది. అద్దం పెట్టెలో ఓ మూలకు నక్కి మీసాలు ఊపుతోంది. తేలేమో ముందు చేతులు రెండూ చాపి, ఉత్త గాలిని పట్టుకుని, కాసేపు అలాగే ఉండిపోయింది. నిన్న సాయంత్రం సంగతి ఇది. పెట్టె మూత తెరిచి ఉండడంతో తడి కొబ్బరి పీచు వాసన నాంపల్లిలోని మా ఒంటిగది ఇల్లంతా పరుచుకుంది. స్టవ్ దగ్గర్నుంచి అమ్మ ఇటు తిరగకుండానే అంది: "గదానికి ముసల్తనం వచ్చిందే. ఇగ పారేసి రా."

ఆ పీచు వాసన తగిలితే చాలు, నేను మా ఇంట్లో ఉండను. ఆబిడ్స్‌లో ఓ సందు చివర, మూర్తి సార్ కళ్లద్దాల కొట్టులో ఉంటాను.

ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే అమ్మ మాటలు పడలేక ఆ కొట్టుకు పని అడగడానికి వెళ్లాను. సార్ పుట్టింది హైదరాబాదులోనే అయినా వాళ్ల నాన్నది గుంటూరు వైపు. అందుకే సార్ మాటలో సగం గుంటూరు, సగం ఆబిడ్స్ ఉండేవి. నా మార్కులు అడగలేదు. "ముందు మా మేనేజర్‌కి నువ్వు నచ్చాలి," అంటూ వెనక గదిలోకి తీసుకెళ్లారు. అక్కడ అద్దం పెట్టెలో అరచేయంత మండ్రగబ్బ, కొండి పైకెత్తి నిలబడి ఉంది. మా ఊళ్లో ఇంత నల్ల తేలును చూస్తే వాడకట్టంతా కర్రలతో వస్తారు.

"మా ఊర్ల గీటిని చెప్పుతోని కొడ్తరు సార్," అన్నాను.

"మా కొట్లో చెప్పులు బయటే విప్పాలమ్మాయ్," అన్నారు సార్. "రేపట్నుంచి రా."

పూలకుండీ కోసం తెప్పించిన ఎర్రమట్టిలో గోరంత పిల్లగా వచ్చిందట అది. ఇంట్లో మేడమ్ గడప దాటనివ్వకపోతే కొట్టుకు తెచ్చుకున్నారు. తేలును ఎందుకు పెంచుతున్నారని ఎవరడిగినా ఒకటే జవాబు: "ఈ కొట్లో బేరమాడని ప్రాణి ఇదొక్కటే."

పనిలో చేరిన మొదటి వారమే నాక్కూడా అద్దాలు తగిలించారు. "కళ్లద్దాల కొట్లో పిల్ల కళ్లు చికిలించి చూస్తే పరువు పోతుంది," అన్నారు. ఆ తర్వాతే అసలు పాఠం మొదలైంది. నలభై దాటినవాళ్లు ఎవ్వరూ తమ చూపు తగ్గిందని ఒప్పుకోరు. పెళ్లిపత్రికల్లో అక్షరాలు చిన్నవయ్యాయంటారు, బల్బులు కల్తీవంటారు, పేపరువాళ్లకు సిరా తక్కువైందంటారు. అలాంటివాళ్లకు 'మీకు వయసైంది' అన్నామా, నేరుగా పక్క కొట్టుకు వెళ్లిపోతారు. సార్ మాత్రం తల ఊపి, "నిజమేనండీ, ఈ మధ్య ప్రింటు మసకగా వస్తోంది. దానికి తగ్గ అద్దం చూద్దామా?" అనేవారు. వాళ్లు హాయిగా స్టూలు మీద కూర్చునేవారు. నాకు ఆ మాట నోటికి వచ్చేదాకా సార్ నన్ను కౌంటర్ దగ్గర నిలబెట్టలేదు.

అలాంటి మనిషి ఓ రోజు పెట్టె ముందు కూర్చుని దిగులుగా అన్నారు: "మేనేజర్ పని అయిపోయిందే. రంగు వెలిసిపోయింది చూడు. అంచులు కూడా చెదిరిపోతున్నాయి, పొగలో ఉన్నట్టుంది."

నేను వంగి చూశాను. అప్పుడే పాలిష్ చేసిన బూటులా నిగనిగలాడుతోంది.

"నల్లగనే ఉంది కద సార్."

"నీకేం తెలుసు. దీన్ని గోరంతప్పట్నుంచి చూస్తున్నా. ఈ వయసులో ఇంకా అద్దాల మధ్య పెట్టి బాధపెట్టడం పాపం. ఆదివారం తీసుకెళ్లి ఊరవతల గుట్టల్లో వదిలేస్తా."

అద్దాలు కోసి ఫ్రేముల్లో బిగించే ఖాజా భాయ్ చేతిలో పని ఆపేశాడు. "గాడ ఇడిస్తె కాకి ఎత్కపోతది సాబ్. గదానికి దాక్కునుడు ఎవరు నేర్పిన్రు?"

సార్ వినలేదు. ఆయన చాయ్ తాగడానికి బయటికి వెళ్లాక ఖాజా భాయ్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తేలుకు ఏం కాలే బేటీ. మోతిబిందు సాబ్‌కొచ్చింది, కండ్లల్ల పొర. నిన్న ఫ్రేము కుడి కాడ తీస్కొని ఎడమ దిక్కు బిగిస్తుండు."

"మరి చెప్పు భాయ్."

"నేనా? మీసం జర తెల్లగైంది సాబ్ అన్నందుకే వారం దినాలు నాతోని మాట్లాడలే."

అక్షరాల చార్టు చదివిద్దామంటే అదీ కుదరదు. రోజూ దాని ముందే బతికిన మనిషి, కళ్లు మూసుకుని కింది వరుస దాకా అప్పజెప్పేస్తారు. ఆదివారం దగ్గరికొస్తోంది. ఆయన అప్పటికే మూతకు బెజ్జాలున్న స్వీటు డబ్బా ఒకటి సిద్ధం చేసుకున్నారు. ఆ డబ్బా కనబడినప్పుడల్లా దాన్ని బీరువా వెనక్కి తోసేదాన్ని. చెప్పుతో కొట్టాలనుకున్న జంతువు కోసం నేనింత ఇదైపోతానని అనుకోలేదు.

శనివారం మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేనప్పుడు, సార్‌ని పెట్టె ముందుకు పిలిచాను.

"సార్, రేపు పోతది కద. ఒక్కసారి మంచిగ చూడండి. మేనేజర్ కొండి ఎటు దిక్కుంది?"

సార్ చాలాసేపు చూశారు. "కుడివైపు. పాపం, వేలాడేసింది కూడా. ముసలితనమంటే ఇదేనే."

ఖాజా భాయ్‌కి ఒక్కసారిగా దగ్గొచ్చింది. నేను మూత తీసి, పట్టకారుతో కొబ్బరి చిప్పను పక్కకు జరిపాను. మేనేజర్ దాని కింద ముడుచుకుని పడుకుని ఉంది. సార్ అంతసేపూ జాలిపడింది పీచు ముడి మీద.

సార్ ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేదు. పెట్టెనే చూస్తూ అన్నాను: "సార్, ఈ మధ్య తేళ్లు జర మసకగ వస్తున్నయ్. దానికి తగ్గ అద్దం చూద్దామా?"

నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. అప్పుడు స్టూలు కాళ్లు నేలమీద రాసుకున్న చప్పుడు వినిపించింది. సార్ కూర్చుంటున్నారు.

"ఆ మాట నాది కదే," అన్నారు.

"ఔ సార్."

"నాకంటే బాగా అమ్ముతున్నావ్."

సార్‌కు బషీర్‌బాగ్‌లో కంటి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు తీసేసి కొట్టుకు వచ్చిన రోజు, నా ముఖం కూడా చూడకుండా నేరుగా పెట్టె దగ్గరికే వెళ్లారు. "నలుపు తగ్గలేదు," అన్నారు చివరికి.

"నేను చెప్పిన కద సార్."

"ఆగు, గొప్పలు పోకు. నువ్వు రంగొక్కటే చూశావ్." దగ్గరికి పిలిచి చూపించారు. నడిచేటప్పుడు తోక కింద ఈడుస్తోంది. ఒక చేతి కొస అరిగి మొద్దుబారింది. వేటకు దూకితే మొదటి పట్టు జారిపోతోంది. "వయసు నిజంగానే వచ్చింది. నేను చూసిన చోట రాలేదు, అంతే."

"మరి గుట్టలకేనా సార్?"

"నీకు వయసొస్తే గుట్టల్లో వదిలేయమంటావా?"

"ముందు రానియ్యండి సార్."

ఆయన నవ్వి, అద్దాల మరలు పట్టే సన్న పట్టకారు అందుకున్నారు. బొద్దింక తల కొంచెం నొక్కి మేనేజర్ నోటి దగ్గర పెట్టారు. "వచ్చినవాళ్ల ముక్కు మీద అద్దాలు పెట్టట్లేదూ మనం? ఇదీ అంతే." స్వీటు డబ్బాలో ఆ రోజు నుంచి మరలు పోసుకున్నాం.

నిరుడు వానాకాలంలో సార్ పోయారు. కొట్టు మూసేశారు. మేడమ్ నన్ను పిలిపించి, పెట్టెకేసి చెయ్యి చాపకుండా దూరం నుంచే చూపించారు. "ఈ మేనేజర్‌ని నువ్వే తీసుకుపో తల్లీ. జీతం ఇచ్చుకోవడం నా వల్ల కాదు." పట్టకారును ఖాజా భాయ్ నా బ్యాగులో వేశాడు.

ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో ఇంకో కళ్లద్దాల కొట్లో చేస్తున్నాను. రోజుకు ఎంతమందికి ప్రింటు మసకగా వస్తోందో లెక్కలేదు. అందరితోనూ నిజమేనండీ అంటాను.

నిన్న సాయంత్రం అమ్మ పారేయమన్నాక నాకు తిండి సయించలేదు. ఇవాళ పొద్దున లేవగానే ముందు నా అద్దాలు తుడుచుకున్నాను. తర్వాత పెట్టె అద్దం లోపలా బయటా తుడిచాను. ఇక సాకు లేదు అనుకున్నాక అప్పుడు చూశాను. తోక నేలమీదే ఉంది. రెండో చేతి కొస కూడా అరిగింది. అమ్మ అన్నది అబద్ధం కాదు.

పట్టకారు తీసి, రాత్రంతా బతికిపోయిన బొద్దింకను పట్టుకుని, తల నొక్కాను.

"పొద్దుగాల్నే ఏం చేస్తున్నవే?" అంది అమ్మ.

"మేనేజర్‌కు టిఫిన్ పెడ్తున్న."

నోటి దగ్గర పెడితే చాలాసేపు కదల్లేదు. తర్వాత మెల్లగా చేతులు చాపి, బొద్దింకతో పాటు పట్టకారు కొసను కూడా కలిపి పట్టుకుంది. మొద్దుబారినా గట్టి పట్టే. పనికి ఆలస్యమవుతోందని అమ్మ అరుస్తోంది. నేను లాక్కోలేదు. అది వదిలేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.