అయిదు ‘ఓకే’లు, కాలిన చెయ్యి

కాజీపల్లి మందుల ఫ్యాక్టరీలో నాకు షిఫ్టు ఇన్‌ఛార్జిగా ఉన్న పెద్దాయన మొన్న కన్నుమూశారు. పాత ఉద్యోగుల మెయిల్ గ్రూపులో "సార్ ఇక లేరు" అని మాత్రమే వచ్చింది. ఏ సార్? ఎక్కడికి రావాలి? నలుగురికి ఫోన్ చేస్తే గానీ తెలియలేదు. ఆయనే గనక ఉంటే అది రాసినవాణ్ని కడిగేసేవారు.

ఆయనంటే నాకు పడేది కాదు. పోయారు కదా అని ఇప్పుడు పొగడ్తలు అల్లలేను. ప్లాంటుకీ ల్యాబుకీ మధ్య కంప్యూటర్లో చాట్ కొత్తగా మొదలైన రోజులవి. "పని అయింది" అని రాస్తే చాలు, అందరూ చూస్తుండగా "ఏ పని? ఎవరు చేసిండ్రు? ఇంకేం మిగిలింది?" అని తిప్పికొట్టేవారు. ఎదురుపడితే ఇంకా ఘోరం.

"నీ కడుపుల ఉన్నది అవతలోనికి ఎట్ల ఎరుకైతది? జెర పేరు వెట్టి రాయి."

చాదస్తమని వెనక నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు పొద్దున షిఫ్టు దిగుతూ "మూడో రియాక్టరు దగ్గర ఆవిరి వాల్వు లీకవుతోంది, ఎవరైనా చూడండి" అని రాసి బస్సెక్కాను. అయిదుగురు ‘ఓకే’ కొట్టారు. ఇంకొకడు పోతాడులే అని ఒక్కడూ కదల్లేదు. చివరికి ఆయనే చూడ్డానికి వెళ్లారు. ఆవిరి కొట్టి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది.

మర్నాడు చాట్‌లో నా పేరు పెట్టి "తప్పు నీది" అని రాయించారు. ఒళ్లు మండిపోయింది. తప్పు నాదేనని తెలుసు గనకే అంత మంట. ఏడాది పాటు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నేను ఇన్‌ఛార్జినయ్యాక నా మనుషుల్లో ఎవరికీ గాయం కాలేదంటే, అది ఆయన పెట్టిన భిక్షే. ఆ మాట గానీ, "తప్పు నాదే సార్" అని గానీ ఆయనకు ఏనాడూ రాయలేదు.

ఆయన చేతి కట్టుతోనే డ్యూటీకి వచ్చిన రోజు గుర్తుంది. కొత్త వాల్వు ఎవరు చూడాలో తనే టైపు చేస్తానని కూర్చున్నారు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతి ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నారు. నేను వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ వేలు మీటల మీద తడుముకుంటూ రాస్తున్నది నా పేరే.