నాన్న చొక్కాలు తొడుక్కున్న పిన్ని

నా ఇస్త్రీ దుకాణం సెక్టర్ 4లో ఉంది. ఉక్కు ప్లాంటులో పనిచేసేవాళ్ళ చొక్కాలు వస్తే విడిగా పెట్టుకుంటాను. ఎన్నిసార్లు ఉతికినా బొగ్గు కాల్చే కోక్ బట్టీల వాసన వాటిని వదలదు. తారూ, గంధకం, చెమటా కలిసిన వాసన అది. నీళ్ళు చిలకరించి వేడి పెట్టె ఆనించగానే ఆవిరితో పాటు లేస్తుంది. పక్కనున్న పాన్ దుకాణం అతను ముక్కు మూసుకుని "దీదీ, జర పంఖా చలావో" అని అరుస్తాడు. నేను ఫ్యాన్ వెయ్యను. చిన్నప్పుడు సాయంత్రం ఆ వాసన మా గుమ్మంలోకి వస్తేనే నాకు ఊపిరి ఆడేది. పిన్ని ఆ రోజుకి ఇంటికి వచ్చినట్టు.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు కాదు, నాన్న తెచ్చుకున్న మనిషి. పేరు నూకాలు. పనికోసం ఈ హిందీ ఊరికి వచ్చి, మేం క్యాంప్ 2 బస్తీలో రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ప్లాంటులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు కింద వెల్డరు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుండేది ఆయన వ్యవహారం. బస్తీలో అందరికీ టీలు తాగించేవాడు, ఇంట్లో కిరసనాయిలుకు వెతుక్కునేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పలాస వైపు ఏదో పెళ్ళికని వెళ్ళి, వచ్చేటప్పుడు నూకాలును వెంటబెట్టుకొచ్చాడు. అమ్మ అరవలేదు, ఏడవలేదు. మర్నాడు గుడ్డసంచీ ఒకటి భుజానికి తగిలించుకుని, "విజీనారం ఎల్లొస్తానే సరోజా, పదిరోజుల్లో వచ్చీస్తాను. తమ్ముణ్ణి జాగర్తగా చూసుకో" అంది. రాలేదు.

ఏడాది తిరక్కుండా నాన్న వంతు వచ్చింది. ఒడిశాలో ఏదో కర్మాగారం షట్‌డౌన్ పని, నెలకల్లా ఎల్లొస్తాను అన్నాడు. దండెం మీద నాలుగు చొక్కాలు అలాగే వదిలేశాడు కాబట్టి వస్తాడనే నమ్మాం. అక్కడ ఇంకో ఆవిడతో కాపురం పెట్టాడని తర్వాత కబురొచ్చింది. గడప దాటేవాళ్ళు "వెళ్తాను" అనకూడదనీ, "వెళ్ళొస్తాను" అనాలనీ మనవాళ్ళ ఆచారం కదా. మా అమ్మానాన్నలు ఆ ఆచారానికి ఏ లోటూ రానివ్వలేదు. మాకు మిగిలింది మాత్రం ఏ సంబంధమూ లేని పిన్ని.

బస్తీలో మా వైపు వాళ్ళ తగువులు తీర్చే సింహాచలం తాత ఒక ఆదివారం ఆమెను పిలిపించాడు. ప్లాంటులో రిటైరైన పెద్దమనిషి, మంచివాడు. పిల్లల్ని ఏదైనా హాస్టల్లో వేయిద్దామనీ, వయసులో ఉన్నది గనక నూకాలు తన దారి చూసుకోవచ్చనీ ఆయన ఉద్దేశం. నేనూ తమ్ముడూ రేకుల షెడ్డు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాం.

"ఈ గుంటలు నీకేటవుతారే?" అని అడిగాడు తాత.

"ఏటీ కారు."

"మరి నీకెందుకే ఈ రొష్టు?"

"పొద్దున్న పప్పు నానబెట్టీసి వచ్చాను తాతా. అదెవులు తింటారు?"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, సరే పొమ్మన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇద్దరు వెళ్ళిపోయిన ఇంట్లో మూడో మనిషి పప్పు కోసం ఉంటోంది, మరి ఆ పప్పు అయిపోతే ఏం చేస్తుంది అనే ఆలోచన నన్ను పట్టుకుంది. ఆ తర్వాత చాలాకాలం నేను ఇంకే సంగతీ సరిగ్గా ఆలోచించలేదు. బళ్ళో కూర్చున్నా, కుళాయి దగ్గర నిలబడ్డా, ఆమె ఇవాళ వస్తుందా రాదా అన్నదే నా లెక్క.

పిన్ని రేజా పనికి కుదిరింది. ఠేకేదార్ల దగ్గర మట్టీ బొగ్గూ మోసే ఆడవాళ్ళను అక్కడ రేజాలంటారు. బొగ్గు మోసే బెల్టుల కింద రాలి పడిన పొడిని పారతో ఎత్తడం ఆమె పని. అలాంటి పనికి వెళ్ళే ఆడవాళ్ళందరూ చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారు. పిన్ని దండెం మీదున్న నాన్న చొక్కా తీసి తొడుక్కుని, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుంది. నేను కొరకొరా చూశాను. "ఏటలా సూస్తావు? ఆ మనిషి ఒగ్గీసి పోయిన ఆస్తి ఇదే. గూట్లో దాస్తే ఎలకలు కొడతాయి" అంది. ఒక్కొక్కటే చిరిగేదాకా ఆ నాలుగు చొక్కాలూ వేసుకుంది. నాన్న ఆ ఇంటికి చేసిన ఉపకారం అదొక్కటే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

పొద్దున్నే గుమ్మం దాటుతూ ఆమె "ఎల్తన్నాను" అనేది, అంతే. తమ్ముడు ఏడ్చేవాడు. పక్కింటి అత్త బుగ్గలు నొక్కుకుని, "అదేటి మాటే, ఎల్లొస్తాననాల" అని మందలించినా వినేది కాదు. ఒక సాయంత్రం ఆమె కుళాయి కింద ముఖం కడుక్కుంటుంటే, నల్లటి నీళ్ళు నా కాళ్ళ మీదుగా పారుతుంటే, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నువ్వెప్పుడు ఎలిపోతావు?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎలిపోయిన్నాడు నీకు సెప్పే ఎల్తాను. సెప్పకుండా ఎల్లను. అంతకన్నా నాను మాటియ్యలేను."

ఎప్పటికీ వెళ్ళను అంటుందేమోనని నేను అంత ఆశగా అడిగితే, ఆవిడ ఇచ్చింది ఇంతే. ఆ రోజు అన్నం సహించలేదు. కానీ ఆ మాట మీద నేను నిద్రపోగలిగాను. ఇవాళ చెప్పలేదు కాబట్టి ఇవాళ వెళ్ళదు. పిల్లలకు అబద్ధం చెప్పి ఊరుకోబెట్టడం ఆమెకు చేతకాదు. బియ్యం నిండుకుంటే "రేపటికి లేవు, ఇయాలే కడుపునిండా తినీండి" అని ముఖాన చెప్పేది. చెయ్యి కూడా చేసుకునేది. బడి ఎగ్గొట్టి దొరికిపోతే పార పట్టిన చేత్తో వీపు మీద ఒక్కటిచ్చేది, మూడు రోజులు గుర్తుండేది.

నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మ వచ్చింది. మేనమామ తోడు వచ్చాడు. అమ్మకు మారుమనువు అయిందని చీర చూసే తెలిసిపోయింది. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. వాడికి అమ్మ ముఖం సరిగ్గా గుర్తులేదు, బిస్కెట్ల పొట్లం వంక చూస్తున్నాడు. ఆ పూటే వాణ్ణి తీసుకెళ్తానంది.

"ఇద్దర్నీ తీసుకెళ్ళక్కా" అంది పిన్ని. "గుంట కూడా నీ కడుపున పుట్టిందే కదా. నీకు దణ్ణమెడతాను."

అమ్మ నా వైపు చూడకుండా చెప్పింది. "మగోడైతే రేపు పనికొస్తాడని ఆయన ఒప్పుకున్నాడు నూకాలూ. దీన్ని తెస్తే నన్ను కూడా గెంటీస్తాడు. ఆ ఇల్లు ఆడపిల్ల ఉండాల్సిన ఇల్లు కాదు."

వాళ్ళు వెళ్ళిపోయారు. తమ్ముడు సందు మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. అమ్మ తిరగలేదు. నాకు అమ్మ మీద కంటే పిన్ని మీదే ఎక్కువ కోపం వచ్చింది. నన్ను వదిలించుకోవడానికి దణ్ణం కూడా పెట్టింది కదా అని నేనూ దాచుకోకుండా ఆ మాటే అనేశాను.

పిన్ని గుమ్మంలో చతికిలబడింది. "నాకూ ఒక గుంటుంది" అంది. "మీ నాన్నతో వచ్చిన్నాడు దానికి నాలుగేళ్ళు. తాగొచ్చి సంపీసేవోడు మా ఆయన. గుంటని అత్త దగ్గర పడుకోబెట్టీసి, ఎల్లొస్తానమ్మా అని సెప్పి వచ్చీసినాను. మళ్ళీ ఆ మాట నోట్లోంచి రాలేదు."

"మరి దాని దగ్గరికి వెళ్ళవేం?"

"ఆ గుమ్మంలోకి నన్ను రానివ్వరు. ఈ గుమ్మంలోంచి నన్ను పొమ్మనేవోడు లేడు. అందుకే ఉన్నాను. అమ్మ దగ్గరుంటే నువ్వు నా గుంటలా అవకుండా ఉంటావని మీ అమ్మని అడిగాను, అంతే."

తర్వాత మేమిద్దరమే. పదో తరగతి అయ్యాక నేను ఇస్త్రీ బండి దగ్గర పనికి కుదిరాను. ఆ ఏడాదే ఒక సాయంత్రం పిన్ని, "రేపు ఎల్తన్నాను. పలాస. వస్తానో రానో తెల్దు" అంది. మాట ప్రకారం ముందుగానే చెప్పింది కాబట్టి నోరెత్తే హక్కు నాకు లేదు. పులిహోర కలిపి డబ్బాలో పెట్టి స్టేషనుకు తోడు వెళ్ళాను. తిరిగి వస్తుంటే దారి కనబడలేదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. నాలుగో రోజు ఆమె వచ్చేసింది. "సూడనివ్వలేదు. వాకిట్లోనే నిలబెట్టీసినారు" అని చెప్పి పొయ్యి వెలిగించింది. ఆమె ముఖంలో రక్తం లేదు. నాకు మాత్రం ఒళ్ళంతా సంతోషం. ఎవరి గుమ్మం దగ్గర ఎవరు తలుపు వేసుకుంటే నాకేం, నా మనిషి నాకు తిరిగి వచ్చింది.

బొగ్గు పొడి ఆమెను మెల్లగా తిన్నది. దగ్గు ఎక్కువయ్యాక గ్యాంగులోంచి తీసేశారు. నా దుకాణం పెట్టాక రోజంతా బల్ల మీద కూర్చుని చొక్కాలు మడతపెట్టేది. నా పెళ్ళి చూసింది, నా కూతుర్ని ఎత్తుకుంది. పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం నేను టీ పెట్టి తెచ్చేలోపు గోడకు ఆనుకునే పోయింది. ఆ ఒక్కసారీ చెప్పకుండా వెళ్ళింది. తమ్ముడికి ఫోన్ చేయిస్తే వీలు కాదన్నాడు.

నెల గడిచాక పలాస వెళ్ళాను. వెళ్ళమని ఆమె అడగలేదు, నాకే తోచింది. పిన్ని కూతురి పేరు లక్ష్మి. ఇంటి ముందు పీట వేసుకుని జీడిపిక్కలు కొడుతోంది. ఆ జిగురుకు వేళ్ళు నల్లగా కాలిపోయి ఉన్నాయి. నేనెవరో చెప్పాను, మీ అమ్మ పోయిందని చెప్పాను. ఆమె కర్ర కింద పెట్టలేదు.

"ఓసారి వచ్చినాది" అంది. "నాను లోపలే ఉన్నాను. కిటికీలోంచి సూసినాను. నన్నెవులూ పట్టుకోలేదక్కా. నానే బయటికి రాలేదు."

 ఇంకో జీడిపిక్క ముందుకు లాక్కుని అడిగింది.

"నీకు జొరమొస్తే ఏటి సేసేది?"

డ్యూటీకి వెళ్ళిపోయేదని అబద్ధం చెబితే ఆ పిల్ల మనసు కాస్త చల్లబడేదేమో. నోటిదాకా వచ్చింది కూడా. నన్ను పెంచిన మనిషి ఆ విద్య నేర్పలేదు. "పని మానేసి పక్కన కూర్చునేది. తగ్గేదాకా" అన్నాను.

"పని మానీసీదా?"

"మానేసేది."

లక్ష్మి తల ఊపింది. "మా నాయనమ్మ బయట గొళ్ళెం పెట్టీసి పనికెళ్ళీది" అని, పప్పు ఒకటి పగలకుండా తీసి గిన్నెలో వేసింది. "టీ తాగుతావేటక్కా?"

తాగాను. చక్కెర ఎక్కువ వేసింది. బస్సు దాకా వచ్చి సాగనంపింది కూడా.

ఇప్పుడు నా కూతురికి ఒళ్ళు వెచ్చబడితే దుకాణం కట్టేసి పక్కన కూర్చుంటాను. నాకు వేరే పద్ధతి తెలియదు. తడిగుడ్డ పిండుతున్నప్పుడల్లా బయట గొళ్ళెం పెట్టిన ఆ ఇల్లు గుర్తొస్తుంది. లోపల నాలుగేళ్ళ పిల్ల ఒంటరిగా పడుకుని ఉంటుంది, ఆమె తల్లి నా నుదుటి మీద చెయ్యి వేసి ఉంటుంది. పిన్ని దేవత అని క్యాంప్ 2లో ఇప్పటికీ అంటారు. నేనూ ఔననే అంటాను. పలాసలో మాత్రం ఆ మాట అనలేకపోయాను.