ఆట కోసం నేర్చుకున్న జపాన్ భాష

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి వాన. ముందు రోజు ఎండకు పరిచిన వక్కలు ఎత్తి లోపల పోశాం. తడిసినవి వేరు చేస్తూ నేనూ మా ఆయనా ఫెరార్‌గంజ్‌లో మా ఇంటి వరండాలో కూర్చున్నాం. ఫోను మోగింది. పోర్ట్ బ్లెయిర్‌లో బతు బస్తీ నుంచి మేనకోడలు. "అత్తా, అమ్మ పోయింది. టీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే," అంది. మా ఆయన చేతిలో ఉన్న వక్క తొక్క పూర్తిగా తీసి పక్కన పెట్టారు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నారు. పోయింది ఆయన అక్క, నాకు వదిన.

ఇది చదివే మీలో చాలామందికి ఆవిడ టీచరమ్మగా తెలుసు. ఆవిడ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దినవాళ్ళు ఇప్పుడు ఆఫీసుల్లోనూ ఓడల్లోనూ ఉన్నారు. ఆ సంగతులు వాళ్ళు రాస్తారు. నేను రాయదలచుకున్నది వేరు. నలభై దాటాక మా వదిన జపాన్ భాష నేర్చుకుంది. ఉద్యోగానికి కాదు. ఒక వీడియో గేమ్ ఆడడానికి.

అన్నయ్య, అంటే వదిన భర్త, ఓడలో ఇంజన్ రూములో పనిచేసేవారు. విదేశీ ఓడల మీద తిరిగే ఒక స్నేహితుడి దగ్గర నుంచి టీవీకి తగిలించే ఆట పెట్టె ఒకటి తెచ్చారు. వాడేసినది. దానితో వచ్చింది ఒకటే క్యాసెట్. పిల్లలు ఒక పూట ఆడి వదిలేశారు. అందులో కాల్పులు లేవు, పరుగులు లేవు. ఒక బాటసారి ఊరూరా తిరుగుతాడు. ఎదురైన వాళ్ళంతా అతనికి ఏదో ఒకటి చెబుతారు. అది చదివి అర్థం చేసుకుంటే గాని ముందుకు దారి లేదు. రాత అంతా జపాన్ అక్షరాల్లో.

వదిన వదల్లేదు. "ఇంతమంది ఆయనకి ఏదో చెప్తన్నారు. ఏటి చెప్తన్నారో తెలీకుండా పెట్టె మూసీమంటే ఎలాగే?" అంది నాతో. కథ చివరికి ఏమవుతుందో ఎవరినీ అడగకుండా తనే చదివి తెలుసుకోవాలని పట్టుబట్టింది.

బడిలో తోటి మాస్టారు ఒకాయన ఎగతాళి చేశాడు. "మేడమ్ జీ, జపాన్ వాళ్ళు మళ్ళీ వస్తన్నారా ఏటి, ముందే తయారైపోతన్నారు?"

"వస్తే ముందు నీ పేరే చెప్తాను భయ్యా. ఖాళీగా ఉన్నాడు, తీసుకుపొమ్మంటాను," అంది వదిన.

బ్రూక్షాబాద్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. ఇక్కడే పుట్టిన మనిషి, అందరికీ చాచా. యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నప్పుడు ఆయన చిన్నపిల్లవాడు. వాళ్ళు నడిపిన బడిలో వాళ్ళ భాష నేర్పారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన ఆ భాష మళ్ళీ పలకలేదని అందరూ అనేవారు. వదిన వెళ్ళి అడిగితే, "భూల్ గయా, బేటీ," అన్నారట. మరిచిపోయిన మనిషి గొంతు కాదది అని వదిన నాకు చెప్పింది. వారం ఆగి మళ్ళీ వెళ్ళింది.

"చాచా, ఖేల్‌నే కే లియే చాహియే," అంది. ఆడుకోవడానికి కావాలి అని.

"ఖేల్‌నే కే లియే?" అని ఆయన రెండుసార్లు అడిగారట. నవ్వారట. ఆదివారం రమ్మన్నారు.

జపాన్ రాతలో రకాలున్నాయి. చాచాకు వచ్చింది ఒక రకం అక్షరాలు. ఆటలో ఎక్కువగా ఉన్నవి ఇంకో రకం. వాటి కోసం అన్నయ్య కలకత్తా వెళ్ళినప్పుడు చిన్నపిల్లల వాచకం వెతికి తెచ్చారు. కరెంటు పోతే ఆట మొదటికొచ్చేది. ఆగిన చోటు నుంచి మొదలెట్టాలంటే ఆటే ఒక అక్షరాల వరస ఇస్తుంది, తర్వాత దాన్ని తప్పు లేకుండా మళ్ళీ తెర మీద ఎక్కించాలి. వదిన దాన్ని వంటింటి తలుపు మీద సుద్దముక్కతో రాసుకునేది. ఒకసారి నేను తలుపు తుడిచేశాను. ఆవిడ కోప్పడలేదు. "మళ్ళీ చదివితే ఇంకా బాగా వస్తాది," అని మొదటి ఊరి నుంచి బయల్దేరింది.

తర్వాత కొన్నాళ్ళకు జపాన్ నుంచి కొన్ని కుటుంబాలు వచ్చాయి. యుద్ధంలో ఇక్కడ పోయిన తమ వాళ్ళకు దండం పెట్టుకోవడానికి. బడి చూడడానికి కూడా వచ్చారు. హెడ్మాస్టారు గర్వంగా వదినను ముందుకు పంపారు. ఇంటికొచ్చిన వాళ్ళను ఎలా పలకరించాలో వదిన ముందే చాచాను అడిగి వల్లె వేసుకుంది. చాచా తను బడిలో విన్నదే చెప్పారు. ఆయన విన్నది సిపాయిల మాట. వదిన గొంతెత్తి చెప్పగానే వచ్చినవాళ్ళంతా, ముసలివాళ్ళతో సహా, గబగబా వరసలో నిలబడి చేతులు పక్కలకు పెట్టుకున్నారు. "కదలకండి" అని కూడా అందట ఆవిడ, స్వాగతం అనుకుని.

వాళ్ళలో ఒక పెద్దావిడ నవ్వి, ఎవరు నేర్పారని తమతో వచ్చిన దుబాసీ చేత అడిగించింది. చాచా గురించీ యుద్ధం నాటి ఆ బడి గురించీ వదిన చెప్పింది. పెద్దావిడ నవ్వు ఆపి చాలాసేపు తల వంచి ఉంది. తర్వాత వదిన చెయ్యి పట్టుకుని మెత్తగా ఎలా పలకరిస్తారో దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది. అప్పుడు వదిన తనను ఆటలో ఎన్నాళ్ళుగానో ఆపేసిన ఒక మాట గురించి అడిగింది. ఆ దుబాసీ కుర్రాడు చిన్నప్పుడు అదే ఆట ఆడాడట. ఎగిరి గంతేసి, అక్కడి నుంచి ఎటు వెళ్ళాలో చెప్పబోయాడు.

"ఒద్దు బాబూ! మాటకి అర్థం చెప్పు చాలు. దారి నాను ఎతుక్కుంటాను," అంది వదిన.

ఈ సంగతి నేను చాలామందికి చెప్పాను. చెప్పినప్పుడల్లా మా వదిన అని నొక్కి చెబుతాను. మేమంతా ఈ దీవులకు పని కోసం వచ్చాం. హిందీ బతకడానికి నేర్చుకున్నాం, ఇంగ్లీషు ఉద్యోగానికి నేర్చుకున్నాం. ఒక భాషను కేవలం సంతోషం కోసం నేర్చుకున్న మనిషి నాకు తెలిసి ఆవిడ ఒక్కతే. ఏం లాభం అని అడిగితే, "ఆడుకున్నాను కదే," అనేది.

ఆట పూర్తయ్యేలా ఉందని తెలిసిన ఆదివారం ఆవిడ అందరినీ పిలిచింది. మేం ఫెరార్‌గంజ్ నుంచి వెళ్ళాం. చాచా వచ్చారు. తెర మీద వచ్చిన ప్రతి మాటా వదిన పైకి చదివి, మాకు తెలుగులోనూ చాచాకు హిందీలోనూ చెప్పింది. బాటసారి చివరి ఊరు చేరాడు. రేవులో ఒక పడవ మనిషి అతన్ని చూశాడు. వదిన తడబడకుండా చదివింది. "అలిసిపోయుంటావు. కూర్చో. తొందరేం లేదు."

చాచా ముందుకు వంగారు. "ఫిర్ సే పఢో, బేటీ."

వదిన మళ్ళీ చదివింది. ఈసారి జపాన్ భాషలోనే, నెమ్మదిగా.

"ఇస్ జబాన్ మే ముఝే కిసీనే ఐసా నహీ కహా థా," అన్నారు చాచా. ఈ భాషలో నాతో ఎవరూ ఇలా అనలేదు అని.

తెర మీద పేర్లు వస్తూ ఉన్నాయి. అవి కూడా వదిన ఒక్కొక్కటే చదివింది, అన్నీ అయ్యేదాకా. మేం ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాం. చాచా సాయంత్రం ఐదు గంటల బస్సుకే వెళ్ళిపోయారు.