శౌరమ్మ రాసిన ‘అనుమానం’

పిల్లలూ, 2003లో విజయవాడ దగ్గర మా వరి పరిశోధనశాలలో శౌరమ్మ అనే అటెండరు ఉండేది. అగ్గితెగులును తట్టుకునే వరి రకాన్ని త్వరగా కనిపెట్టడానికి మేము కంప్యూటరుకు వేల ఆకుల ఫొటోలు చూపించాం. ఏ ఆకుకు తెగులుందో, ఏది ఆరోగ్యంగా ఉందో శౌరమ్మ పుస్తకంలో రాసేది. ఆ జవాబులను చూసి నేర్చుకున్న కంప్యూటరు, మాకు నెల పట్టే పరీక్షను ఒక్క పూటలో ముగించేది.

కొన్ని ఆకులకు ఆమె ‘అనుమానం’ అని రాసింది. యంత్రానికి అనుమానాలెందుకని నేను వాటన్నిటినీ ఎర్రసిరాతో ‘ఆరోగ్యం’ అని దిద్దాను.

కంప్యూటరు మేలైనదని ఎంచిన రకం ప్రయోగపు మడిలో తెగులుకు మాడిపోయింది. తప్పంతా శౌరమ్మదేనని నివేదిక రాశాను. నేను సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోతుంది. రుజువు కోసం ఆమె పుస్తకం తెరిచాను. పేజీపేజీకీ నా ఎర్రసిరాయే కనిపించింది.

ఆమెను పిలిచి క్షమించమన్నాను.

“నాకు డౌటొచ్చిందనే రాశాను కదండీ,” అంది శౌరమ్మ. “అంత చదివారు, మీకు రాలేదా అండీ?”

ఆ నివేదిక చించి, కొత్తది రాసి, అందులో తప్పు చేసినవారి పేరు దగ్గర నా పేరు రాసి సంతకం పెట్టాను. ఆమె ముఖంలోకి చూడటానికి మాత్రం ఈనాటికీ నాకు సిగ్గే.