పోచయ్య అంచు

అమీర్‌పేటలో దొంగ సర్టిఫికెట్లు తయారుచేస్తున్నది రుద్రమ్మేనని మధురానగర్ గల్లీలో పుకారు పుట్టింది.

“ఊడ్వనీకి పోయినామె కంప్యూటర్ ముంగట కూసునుడేంది? తలుపు సుత ఏసుకుంటదట!” అంది కుళాయి దగ్గర చిలకమ్మ.

తలుపు వేసేది ఏసీ కోసం. హనుమత్ప్రసాద్ గారి డీటీపీ షాపు ఊడ్చి తుడిచాక, మధ్యాహ్నాలు ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు రుద్రమ్మ కూర్చునేది. నేతపని చేసి చనిపోయిన భర్త పోచయ్య సొంతంగా రూపుకట్టిన చీర అంచు ఒకటుంది. ఆ పూలు పడేందుకు మగ్గానికి తగిలించే చిల్లుల అట్టలను చెదలు తినేశాయి. మిగిలింది జానెడు గుడ్డముక్క. దాన్ని చూసి గడుల బొమ్మ గీసిస్తే కొత్త అట్టలు కొట్టించవచ్చు. ఊళ్లో మరిది ఆ అంచు కోసం మగ్గం మీద పడుగు పోగులు ఎక్కించి, శుక్రవారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత మగ్గం వేరే చీరకు పోతుంది.

షాపులో పనిచేసే కేదార్ ఆ ముక్కను స్కాన్ చేసి, పూలన్నీ నునుపుగా దిద్ది చూపించాడు. తెర మీద ముచ్చటగానే ఉంది. రుద్రమ్మ తల అడ్డంగా ఊపింది.

“గిది నేయనీకి రాదు బాబూ. ఎరుపుకు, పసుపుకు నడుమ గీ రంగేంది? గసుంటి పోగు మా దగ్గర లేదు.”

ఒక్కో గడి ఒక్కో పోగు. బొమ్మను పెద్దది చేసి, పెన్సిల్ గుర్తు నొక్కి, ఆ నడిమి రంగును గడి గడికీ తీసేస్తూ పోయింది. ఒకే రంగు బారుగా సాగితే పోగు వదులుగా తేలి మెట్టెలకు తగులుకుంటుంది. అలాంటి చోట మధ్యలో ఒక చుక్క పెట్టేది. ఎక్కడ పెట్టాలో ఆమె వేళ్లకు తెలుసు.

బుధవారం పుకారు షాపుదాకా వచ్చింది.

“ఏంటి రుద్రమ్మా ఇది? పోలీసులొస్తే నా షాపుకి తాళం పడుద్ది. ఇక కంప్యూటర్ ముట్టుకోకు,” అన్నారు హనుమత్ప్రసాద్.

“జర గీ ఒక్క అంచు అయిపోనియ్యుండ్రి సార్. ఇంక నాలుగు పూలే ఉన్నయి.”

ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. గంటన్నర చూశారు. ఎర్ర గడులు, పసుపు గడులు తప్ప తెర మీద ఇంకేమీ రాలేదు. నాలుగో పువ్వు పూర్తయింది.

“సరే, పేరు కొట్టి సేవ్ చెయ్యి. ప్రింటు తీసిస్తా.”

రుద్రమ్మ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

“మీరే కొట్టుండ్రి సార్. పోచయ్య అంచు అని.”

ఆయన కొట్టారు.

“ఏది సార్, మా ఆయన పేరు?”

హనుమత్ప్రసాద్ ఆమె వైపు ఒకసారి చూసి, తెర మీద వేలు పెట్టి చూపించారు.

రుద్రమ్మకు చదవడం రాదు.