అత్తగారి నిద్ర, అల్లుడి ఫ్యాను

వీధిలో ఆయన్ని అందరూ లూపు అంటారు. వాయించిన ముక్కనే కంప్యూటర్లో తిప్పి తిప్పి వింటాడని. పిల్లలకి లూపు మావయ్య. పక్కింటాయన ఏమంటాడో ఇక్కడ రాయకూడదు.

ఒకప్పుడు లూపు జెరాక్సు షాపులో పనిచేసేవాడు. ఓనరు అటు తిరగ్గానే అక్కడి కంప్యూటర్లో రంగు గీతలు పేర్చి సంగీతం కట్టడం నేర్చుకున్నాడు. పై గీత వేణువు, కింది గీత డప్పు. గీతని మౌసుతో జరిపితే స్వరం జరుగుతుంది. అలా పళ్ళపొడికీ, తాళాలకీ, నీళ్ళ పైపులకీ యాడ్ పాటలు కట్టాడు. ఓ సినిమాలో హీరో మెట్లెక్కుతుంటే వచ్చే వేణువు కూడా ఆయనదే. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి చూపిస్తే తీరా హీరో లిఫ్టెక్కాడు, వేణువు ఎగిరిపోయింది. పోనీలెండి, మోకాళ్ళ నొప్పులేమో అన్నారు అత్తగారు. ఇప్పటికీ అంటూనే ఉంటారు.

అత్తగారి మంచం, అల్లుడి కంప్యూటరు ఒకే గదిలో. మధ్యాహ్నం ఆవిడ పాత టేబుల్ ఫ్యాను కింద కునుకు తీసేవారు. అది మెల్లగా ఓ పక్కకి తిరిగి, చివరికెళ్ళాక టక్కుమనేది. ఆ టక్కు మైకులోకి దూరిపోతోందని లూపు ఓ రోజు నూనె వేసి, వెనక స్క్రూ బిగించాడు. ఫ్యాను నోరు మూసింది, అత్తగారు కళ్ళు తెరిచారు. అప్పట్నుంచీ మధ్యాహ్నాలు మంచం మీద జడ్జిగారిలా కూర్చుని అల్లుడి పాటలు వింటున్నారు.

సరిగ్గా అప్పుడే పరుపుల కంపెనీ యాడ్ వచ్చింది. వింటే నిద్ర రావాలి. లూపు ఏది కట్టినా, మెత్తగా ఉందిగానీ నిద్ర రావట్లేదంటూ యాడ్ డైరెక్టరు తిప్పి పంపాడు. చివరికి, సాయంత్రంలోగా కుదిరితే సరి, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. కుదిరితే మాత్రం తను తీయబోయే సినిమా మొత్తానికీ సంగీతం లూపుదే. మొత్తానికీ అంటే, మెట్లకీ లిఫ్టుకీ కూడా.

లూపు అత్తగారికి వేణువు వినిపించాడు, వయొలిన్లు వినిపించాడు. బాగుంది, ఉన్న మత్తు కూడా వదిలింది అన్నారావిడ.

పాత రికార్డింగులు తవ్వుతుంటే, నీళ్ళ పైపుల పాట మొదలవ్వకముందు ఖాళీలో ఫ్యాను దొరికింది. టక్కు. లూపు దాన్ని కోసి కొత్త పాట కింద పరిచాడు. టక్కు తాళంలో పడక అటూ ఇటూ తూలుతోందని, అలవాటు కొద్దీ ఒక్క మీట నొక్కి టక్కులన్నిటినీ వరసలో నిలబెట్టేశాడు.

అత్తగారు చాలాసేపు విన్నారు. "ఇది మన ఫ్యాను కాదు అల్లుడుగారూ, ఎవరో డ్రిల్లు మాస్టారు. మనది చివరిదాకా వెళ్ళి, కాస్త ఆలోచించుకుని, సరేలే అని కొట్టేది."

లూపు వరసంతా చెరిపేశాడు. ఈసారి ఫ్యానుని పాట వెనక నడిపించలేదు, వేణువునే ఫ్యాను కోసం ఆగమన్నాడు. వేణువు ఆగింది. టక్కు. మళ్ళీ కదిలింది. తెర మీద రంగు గీతలు పడవల్లా సాగుతున్నాయి. కర్టెన్ ఊపిరి పీల్చి వదులుతోంది. జెరాక్సు మూత కింద ఆకుపచ్చ వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచుకి ఈదడం గుర్తొచ్చింది లూపుకి. ఆ వెలుగే ఇప్పుడు గోడ మీద, మంచం మీద, అత్తగారి మొహం మీద పాకుతున్నట్టుంది. ఆవిడ చేతిలోంచి కళ్ళజోడు దుప్పటి మీదికి జారింది.

ఒక్కసారి విని పంపేద్దాం అనుకున్నాడు లూపు. తల బల్ల మీదికి వాలింది.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ లేదు. ఫోన్ నిండా డైరెక్టరు చేసిన కాల్సే. పాట పంపనేలేదు. గబుక్కున వెనక్కి తిరిగితే, తిట్టడానికి వచ్చిన డైరెక్టరు ప్లాస్టిక్ కుర్చీలో బూట్లతో సహా నిద్రపోతున్నాడు. వేలికి కారు తాళం వేలాడుతోంది. పాట ఇంకా తిరుగుతూనే ఉంది.

లూపు పాట ఆపాడు. డైరెక్టరు ఉలిక్కిపడి లేచి, మూతి తుడుచుకుని, కోపం ఎక్కడ పెట్టాడో కాసేపు వెతుక్కున్నాడు.

"పాట ఓకే గురూ. కానీ కంపెనీ పేరు చివర్లో కదా వచ్చేది? అప్పటిదాకా మెలకువగా ఎవడుంటాడు?"

లూపుకి సినిమా మళ్ళీ లిఫ్టెక్కి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది.

"పేరేదో ముందే చెప్పేయండి నాయనా," అన్నారు అత్తగారు కళ్ళు తెరవకుండానే. "విని పడుకుంటాం."

డైరెక్టరు లూపు వైపు చూశాడు. లూపు మౌసు పట్టుకుని, చివరనున్న పేరు ముక్కని తెర ఆ కొస నుంచి ఈ కొసకి మెల్లగా లాక్కొచ్చాడు. డైరెక్టరు విని తలూపాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, తన సినిమాలో లిఫ్టే లేదన్నాడు.

అతను వెళ్ళాక లూపు స్క్రూడ్రైవరు తెచ్చి, ఫ్యాను వెనక స్క్రూ వదులు చేశాడు.