కత్తెర లేని కౌంటరు

సోమవారం ఉదయం జనన నమోదు కౌంటరు మీద కత్తెర లేదు. దాన్ని కట్టిన తాడు ఒక్కటే వేలాడుతోంది.

పదకొండేళ్లుగా ఆ కత్తెర గుమాస్తా చేతిలోనే ఉంది. అందుకే ఊరంతా ఆయన్ని కత్తెర బాబాయ్ అంటుంది. అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ప్రాంతం గురించి రెండు మాటలు చెప్పింది. ఇక్కడి ప్రభుత్వం చెల్లదు. ఇక్కడ నమోదైన పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు మాత్రం చెల్లుతాయి. మొదటి మాటను సరిహద్దు గేటు అవతలి నాయకులు, రెండోదాన్ని ఇవతలి నాయకులు గోడలకెక్కించారు. జనం మధ్యేమార్గం కనుక్కున్నారు. సర్టిఫికెట్ మీద ప్రభుత్వం పేరున్న రెండు వేళ్ల మేర కోసి, కోసిన అంచు మీద గుమాస్తా పొట్టి సంతకం పెడితే అవతల ఒప్పుకుంటారు.

"కత్తెర ఏదండీ?" అని బాబాయ్ పై అధికారిని అడిగాడు.

"ఎన్నికలొస్తున్నాయి కదయ్యా! మన పేరు మనమే కోసుకుంటామా? ఇకమీదట కోసిన ఫారం మీద సంతకం పెడితే ఉద్యోగం ఊడుతుంది."

వరుసలో మూడో మనిషి ఆయన కూతురు. చేతుల్లో తొమ్మిది రోజుల పాప, ఆ పాప గుండెలో రంధ్రం. ఆపరేషన్ రేపే, అవతలి ఆసుపత్రిలో. గేటు నాలుగింటికి మూసేస్తారు.

"ఊరందరికీ కోసిపెట్టావు. మనవరాలి దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకున్నావా నాన్నా?"

"అరవకమ్మా. ఫారం మీద కదా వద్దన్నది."

తెల్ల కాగితం తీసి, రిజిస్టరులోని వివరాలు ఎక్కించి, సంతకం పెట్టాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి కూతురి వెంట వెళ్లాడు.

గేటు దగ్గరి ఆఫీసరు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. "కోసిన అంచేది?"

"కొయ్యడానికి పైన ఏమీ లేదు బాబూ. తెల్ల కాగితం."

"మీ కాగితాలన్నీ కోసే వస్తాయి. ఇది దొంగదిలా ఉంది."

బాబాయికి వాదించే ఓపిక లేదు. కాగితం పైభాగాన్ని రెండు వేళ్ల మేర మడిచి, మడతను నాలుకతో తడిపి చింపాడు. చిరిగిన అంచు మీద పొట్టి సంతకం గీశాడు.

ఆఫీసరు అంచును బొటనవేలితో తడిమి ముద్ర కొట్టాడు. "ఈ పని ముందే చెయ్యొచ్చుగా పెద్దాయనా!"

కూతురు గేటు దాటేసరికి మూడూ నలభై.

మర్నాడు, పాపను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లారని ఫోనొచ్చిన గంటకే, చింపిన అంచు మీద సంతకం పెట్టినందుకు బాబాయికి మెమో వచ్చింది. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలున్నాయి. కౌంటరు ముందు పద్నాలుగు మంది ఉన్నారు, ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక తెల్ల కాగితం.